టికెట్ ఎంత పెంచితే గిట్టుబాటు? వర్గ అసమీకరణాల్లో జారిపడే చోట్లు

అండమాన్‌లో అబర్డీన్ జెట్టీ నుంచి, రాస్ అని పాత పేరున్న ద్వీపానికి టూరిస్టులను తిప్పే బోటు ఒకటి ఉందనుకుందాం. టికెట్ 400 రూపాయలుంటే రోజుకు 60 మంది వస్తారు. పది రూపాయలు పెంచినప్పుడల్లా ఒకరు తగ్గుతారు. డీజిలు, మనుషుల కూలి, బ్యాంకు వాయిదా పోను నాలుగు డబ్బులు మిగలాలంటే రోజు వసూలు 24,750 రూపాయలకు తగ్గకూడదు. మరి టికెట్ ఎంత పెట్టాలి? (అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. ఏ బోటు ఖాతా పుస్తకంలోంచీ తీసినవి కావు.)

ఈ ప్రశ్న జెట్టీ మీద అడిగితే ఒకాయన ‘రేటు పెంచు, వసూలు పెరుగుతుంది’ అంటాడు. ఇంకొకాయన ‘పెంచావో, జనం పక్క బోటెక్కుతారు’ అంటాడు. ఇద్దరూ చెప్పేది కొంతమేరకు నిజమే. ఆ మేర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తేల్చేదే వర్గ అసమీకరణం. పదో తరగతి వర్గ సమీకరణాల దాకా బాగానే చేసి, ఆ తర్వాత ఉద్యోగంలో పడి, ఇప్పుడు బ్యాంకు పరీక్షకో స్టాఫ్ సెలక్షన్ పరీక్షకో మళ్లీ పుస్తకం పట్టినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సమీకరణానికి జవాబు ఒకటో రెండో సంఖ్యలు. అసమీకరణానికి జవాబు సంఖ్యల పట్టీ, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా అని. సమీకరణం చేసిన అలవాటు చేతిలో ఉండిపోయి ఈ పట్టీని పాడుచేస్తుంది. కింద చూపించే తప్పులన్నీ దాదాపు ఆ ఒక్క అలవాటు బిడ్డలే.

బోటు లెక్క చూద్దాం. పది రూపాయల చొప్పున ‘ప’ సార్లు పెంచామనుకుంటే టికెట్ 400 + 10ప, మనుషులు 60 − ప. వసూలు ఈ రెంటి లబ్ధం:

(400 + 10ప)(60 − ప) ≥ 24,750

విప్పితే 24,000 + 200ప − 10ప² ≥ 24,750. అన్నిటినీ ఒక పక్కకు తెస్తే −10ప² + 200ప − 750 ≥ 0. ఇప్పుడు −10తో భాగించాలి. రుణసంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు తిరగబడుతుంది:

ప² − 20ప + 75 ≤ 0
(ప − 5)(ప − 15) ≤ 0

మూలాలు 5, 15. రెండు కారణాంకాల లబ్ధం రుణాత్మకం కావాలంటే ఒకటి ధనాత్మకం, ఒకటి రుణాత్మకం కావాలి. అది 5కూ 15కూ మధ్యలోనే జరుగుతుంది. కాబట్టి 5 ≤ ప ≤ 15. టికెట్ 450 నుంచి 550 రూపాయల మధ్య ఉండాలి. సరిగ్గా నడుమ, అంటే 500 రూపాయలప్పుడు 50 మంది వస్తారు, వసూలు 25,000. ఆ పైన పెంచితే వసూలు మళ్లీ దిగుతుంది. జెట్టీ మీది ఇద్దరిలో 500 దాకా మొదటాయన మాట నిజం, ఆ పైన రెండో ఆయన మాట నిజం.

గుర్తు తిప్పడం మర్చిపోయిన మనిషి ఏం రాస్తాడు? ‘ప ≤ 5 లేదా ప ≥ 15’ అని. అచ్చంగా తలకిందులు. ఈ తప్పును పట్టుకోవడానికి అర నిమిషం కూడా అక్కర్లేదు. ప = 0 వేసి చూడండి: టికెట్ 400, మనుషులు 60, వసూలు 24,000. కావలసినదానికి 750 తక్కువ. 0 జవాబులో ఉండకూడదు, ఉంది కాబట్టి ఎక్కడో గుర్తు పోయింది. వచ్చిన పట్టీలోంచి ఒక సంఖ్యను, బయటి నుంచి ఒక సంఖ్యను తీసి, మొట్టమొదటి ప్రశ్నలో వేసి చూసుకునే అలవాటు ఏ షార్ట్‌కట్ కన్నా విలువైనది. మధ్యలోని మెట్టులో కాకుండా మొదటి ప్రశ్నలోనే వేయాలి. తప్పు మధ్యలోనే జరిగి ఉంటే మధ్యలో వేసి చూసినా అది దాక్కునే ఉంటుంది.

ఇదే లెక్కకు ఇంకో ముడి వేద్దాం. బోటులో 52 మందికే చోటుంది. అప్పుడు 60 − ప ≤ 52, అంటే ప ≥ 8 కూడా కావాలి. రెండు షరతులూ ఒకేసారి నిలబడాలి గనుక 8 ≤ ప ≤ 15. టికెట్ 480 నుంచి 550. ప = 7 దగ్గర మన సూత్రం 53 మందిని లెక్కేస్తుంది, కానీ ఎక్కేది 52 మందే. 52 × 470 = 24,440, చాలదు. సూత్రం ఎక్కడిదాకా చెల్లుతుందో కాగితం చెప్పదు, బోటు చెబుతుంది. పరీక్షలో ఈ బాధ తక్కువ గానీ, కొట్టులో, ఆఫీసులో లెక్క వేసేటప్పుడు ఇదే అసలు మాట.

ఇక జంగ్లీఘాట్ వైపు వద్దాం. చేపల పని చేసే మనవాళ్లకు ఎండుచేపల సంగతి చెప్పక్కర్లేదు. కాకులు, కుక్కలు రాకుండా చేపలు ఆరబెట్టే జాగా చుట్టూ వలతో కంచె కట్టాలి. ఉన్న వల 40 మీటర్లు. జాగా దీర్ఘచతురస్రంగా ఉండాలి. పొడవు ‘క’ మీటర్లయితే వెడల్పు 20 − క. వైశాల్యం క(20 − క).

కనీసం 96 చదరపు మీటర్లు కావాలంటే క(20 − క) ≥ 96. సవరిస్తే క² − 20క + 96 ≤ 0, అంటే (క − 8)(క − 12) ≤ 0. పొడవు 8 నుంచి 12 మీటర్ల మధ్య ఎంతైనా పెట్టుకోవచ్చు.

కనీసం 100 కావాలంటే? క² − 20క + 100 ≤ 0, అంటే (క − 10)² ≤ 0. వర్గం సున్నా కన్నా తక్కువ కాలేదు, సున్నా కావచ్చు. కాబట్టి జవాబు ఒక్కటే, క = 10. పది మీటర్ల చతురస్రం, అంతే. ఇక్కడ ‘జవాబు లేదు’ అని రాసేవాళ్లూ ఉన్నారు, ‘క ≤ 10’ అని రాసేవాళ్లూ ఉన్నారు.

యజమాని మరీ పట్టుబట్టి 101 చదరపు మీటర్లు కావాలన్నాడు. క² − 20క + 101 ≤ 0. విచక్షణి 400 − 404 = −4. వాస్తవ మూలాలు లేవు. ‘మూలాలు లేవు’ అనగానే కలం కింద పెట్టకండి, ఇక్కడ ఇంకో మెట్టుంది. ఈ సమాసం (క − 10)² + 1కి సమానం. అది ఎప్పుడూ 1కి తగ్గదు, కాబట్టి సున్నా కన్నా తక్కువో సమానమో అయ్యే ప్రశ్నే లేదు. జవాబు: ఏ కొలతకూ కుదరదు. ఆ వలను ఎటు తిప్పినా 101 రాదు. అదే ప్రశ్న క² − 20క + 101 > 0 అని వచ్చి ఉంటే? అప్పుడూ విచక్షణి −4 యే, కానీ జవాబు ‘అన్ని వాస్తవ సంఖ్యలూ’. విచక్షణి రుణాత్మకమైతే జవాబు శూన్యమని బట్టీ పెట్టినవాళ్లు ఇక్కడ మార్కు పోగొట్టుకుంటారు. వర్గ పదం గుణకం ధనాత్మకమై, విచక్షణి రుణాత్మకమైతే సమాసం ఎప్పుడూ ధనాత్మకమే. ప్రశ్న ఏ గుర్తుతో అడిగిందన్నదాన్ని బట్టి అన్నీ జవాబులో, ఏదీ కాదో తేలుతుంది.

అండమాన్‌లో చదివినవాళ్లకు ఈ భాగం ఎందుకు కొత్తగా అనిపిస్తుందో చెప్పాలి. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 13 శాతం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలే ఎక్కువ. కానీ ఇక్కడి బడులు నడిచేది సీబీఎస్‌ఈ పాఠ్యప్రణాళికలో. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో వర్గ సమీకరణాలు ఉన్నాయి, పదకొండులో ఏకఘాత అసమీకరణాలు ఉన్నాయి. ఈ రెంటికీ మధ్యన ఉండాల్సిన వర్గ అసమీకరణాలకు మాత్రం విడిగా ఒక అధ్యాయం లేదు. విశాఖలో ఇంటర్ చదివిన మీ బావగారి అబ్బాయి దీన్ని రెండో ఏడాది గణితం 2ఎ లో ‘వర్గ సమాసాలు’ అన్న పాఠంలో చేసి ఉంటాడు. తెలుగు అకాడమీ వేసిన ఆ పుస్తకం పాత ప్రతి అయినా సరే, వచ్చే ఓడకు ఎవరైనా వస్తుంటే తెప్పించుకోండి. ఒక్క పాఠం కోసమైనా సరే, కోచింగ్ సెంటర్లు అమ్మే షార్ట్‌కట్ నోట్సు కట్ట కన్నా అది మేలు.

ఇప్పుడు తప్పుల సంగతి. పరీక్షలో ఎక్కువ మార్కులు తినేది గుర్తు తిప్పడం మర్చిపోవడం కాదు, దాన్ని మనవాళ్లు త్వరగానే సరిచేసుకుంటారు. తెలియకుండా తినేది చరరాశితో భాగించడం.

క² > 5క అని ఇచ్చారు. రెండు వైపులా ‘క’ కొట్టేసి క > 5 అని రాస్తాం. సమీకరణంలో ఇలా చేస్తే క = 0 అన్న ఒక్క మూలం పోతుంది. అసమీకరణంలో ఏకంగా సగం సంఖ్యారేఖ పోతుంది. క = −1 వేసి చూడండి: 1 > −5, నిజమే. అయినా మన జవాబులో −1 లేదు. ‘క’ ధనమో రుణమో తెలియకుండా దాంతో భాగిస్తే గుర్తు తిరగాలో వద్దో ఎవరు చెప్పాలి? అందుకే భాగించకుండా ఒక పక్కకు తేవాలి: క² − 5క > 0, క(క − 5) > 0. జవాబు క < 0 లేదా క > 5.

హారంలో చరరాశి ఉన్నా జబ్బు ఇదే. 6 ÷ (క − 1) ≥ 2 అన్న లెక్కలో హారాన్ని అటు దాటించి 6 ≥ 2క − 2, క ≤ 4 అంటాం. క = 0 వేస్తే ఎడమ పక్క −6. అది 2 కన్నా ఎలా పెద్దది? సరైన దారి: 2ను ఇటు తెచ్చి ఒకే భిన్నం చేస్తే (8 − 2క) ÷ (క − 1) ≥ 0. ఇప్పుడు హారం వర్గంతో గుణించండి. వర్గం రుణాత్మకం కాదు కాబట్టి గుర్తు గొడవ లేదు. (8 − 2క)(క − 1) ≥ 0, అంటే (క − 4)(క − 1) ≤ 0. ఇంతా చేసి చివర్లో ‘1 ≤ క ≤ 4’ అని రాసి చెడగొట్టుకోవద్దు. క = 1 అయితే హారం సున్నా. జవాబు 1 < క ≤ 4.

వర్గమూలం దగ్గర ఇంకో గుంట. క² < 49 అంటే క < 7 అని రాసేస్తారు. −10 కూడా 7 కన్నా తక్కువే, దాని వర్గం 100. జవాబు −7 < క < 7. క² > 49 అయితే క < −7 లేదా క > 7. ‘క > ±7’ అని రాసినవాళ్లను చూశాను. దానికి అర్థమే లేదు.

(క − 2)(క − 5) ≥ 4 లాంటిది వస్తే కారణాంకాలు సిద్ధంగా ఉన్నాయి కదా అని సంబరపడి క − 2 ≥ 4, క − 5 ≥ 4 అని విడగొడతారు. కుడి పక్క సున్నా ఉంటేనే కారణాంకాలకు పని. విప్పి 4ను ఇటు తెస్తే క² − 7క + 6 ≥ 0, (క − 1)(క − 6) ≥ 0. జవాబు క ≤ 1 లేదా క ≥ 6. దీన్ని ‘6 ≤ క ≤ 1’ అని ఒకే గొలుసుగా రాస్తే ఆరు కన్నా పెద్దదై ఒకటి కన్నా చిన్నదైన సంఖ్యను వెతకమన్నట్టు. రెండు ముక్కల జవాబును రెండు ముక్కలుగానే రాయాలి, మధ్యలో ‘లేదా’ పెట్టాలి.

సమానం గుర్తు ఉందా లేదా అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. ఆప్షన్లు తయారుచేసేవాళ్లు కావాలనే రెండు రకాలూ పక్కపక్కన పెడతారు. ఓడరేవులో ఉంటున్నాం కాబట్టి ఒక ముచ్చట: ఈ <, > గుర్తులు మొదట అచ్చయినది 1631లో, థామస్ హారియట్ చనిపోయిన పదేళ్లకు వచ్చిన ఆయన పుస్తకంలో. హారియట్ నావికులకు సముద్రయాన గణితం నేర్పినవాడు. 1585లో తానూ అట్లాంటిక్ దాటాడు. వాటి కింద సమానాన్ని చేర్చి 1734లో వాడినవాడు పియెర్ బుగేర్, ఓడల స్థిరత్వంపై 1746లో పెద్ద గ్రంథం రాసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. రెండు గుర్తులూ ఓడల మనుషుల చేతిలోంచి వచ్చాయి.

బ్యాంకు ప్రిలిమ్స్ రాసేవాళ్లకు ఈ సంగతి మరో వేషంలో ఎదురవుతుంది. రెండు వర్గ సమీకరణాలు ఇచ్చి, ఒకదాని చరరాశి పెద్దదా, రెండోదాని చరరాశి పెద్దదా, సమానం కావచ్చా, అసలు చెప్పలేమా అని అడుగుతారు. ప్రశ్నపత్రంలో ఎక్స్, వై ఉంటాయి. ఇక్కడ క, చ అనుకుందాం.

క² − 7క + 12 = 0
చ² − 9చ + 20 = 0

క = 3, 4. చ = 4, 5. చాలామంది 3ను 4తో, 4ను 5తో వరుసగా జతచేసి ‘క < చ’ అని గీసేస్తారు. జతలు అలా ఉండవు. ‘క’ విలువ ప్రతిదాన్నీ ‘చ’ విలువ ప్రతిదానితోనూ పోల్చాలి, మొత్తం నాలుగు పోలికలు. 4కు 4 సమానం. జవాబు క ≤ చ. ఇంకోటి: క విలువలు 2, 5, చ విలువలు 3, 4 వస్తే 2 చిన్నది, 5 పెద్దది, కాబట్టి సంబంధం చెప్పలేం. సంఖ్యారేఖ మీద చుక్కలు పెడితే ఇది ఒక్క చూపులో తెలుస్తుంది: ఒకరి చుక్కలన్నీ రెండో వారి చుక్కలకు ఒకే పక్కన ఉంటేనే పోలిక, ఒకదాన్నొకటి దాటితే పోలిక లేదు. మరొక ఉచ్చు: క² = 16 అంటే క = ±4, కానీ చ = √16 అంటే చ = 4 మాత్రమే, వర్గమూలం గుర్తు ధన విలువనే చెబుతుంది. అందుకే ఇక్కడ క ≤ చ.

ఐబీపీఎస్ పరీక్షల్లో ఒక తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులో నాలుగో వంతు కోత. కాబట్టి సందేహం ఉన్న లెక్కలో ఆప్షన్లను మీ తరఫున పనిచేయించండి. క² − 7క + 6 ≥ 0 లాంటి ప్రశ్నకు నాలుగు ఆప్షన్లిచ్చారనుకోండి. 0 వేయండి: 6 ≥ 0, నిజం. 0 లేని ఆప్షన్లన్నీ పోయాయి. 10 వేయండి: 36, నిజం. 10 లేనివీ పోయాయి. మిగిలిన రెంటికీ తేడా సమానం దగ్గరే ఉంటుంది, 6 వేస్తే సున్నా వస్తుంది, ప్రశ్నలో ≥ ఉంది, కాబట్టి 6 జవాబులో ఉండాలి. కారణాంకాలు తట్టని రోజున కూడా ఇది పనిచేస్తుంది. ఇది దొంగదారి అని చిన్నచూపు చూసే మాస్టర్లున్నారు. నాకలా అనిపించదు. బోటు లెక్కలో 0 వేసి తప్పు పట్టుకున్న పద్ధతే ఇది.

‘వేవీ కర్వ్’ అని వీడియోల్లో చూపే పద్ధతి, కుడి చివర ప్లస్సుతో మొదలెట్టి మూలం దగ్గరల్లా గుర్తు మార్చుకుంటూ ఎడమకు రావడం, మంచిదే. రెండు షరతులున్నాయి. వర్గ పదం గుణకం ముందుగా ధనాత్మకం చేసుకోవాలి. (క − 3)² లాగా ఒకే మూలం రెండుసార్లు వస్తే అక్కడ గుర్తు మారదు. ఈ రెండో సంగతి చెప్పకుండా వదిలేసే వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు (క − 3)² > 0కు ‘క > 3’ అని రాస్తారు. జవాబు 3 తప్ప అన్నీ.

చదివే వేళ గురించి ఒక మాట. మనం గడియారంలో ఢిల్లీతో ఉన్నా సూర్యుడు మనకు ముందే వస్తాడు. వేసవిలో తెల్లవారి ఐదింటికల్లా వెలుతురు, డిసెంబరులో సాయంత్రం ఐదు దాటగానే చీకటి. డ్యూటీ దిగి, చీకటి పడ్డాక, అలసిన కళ్లతో గుర్తుల లెక్క చేస్తే గుర్తులే తప్పుతాయి. ఇలాంటివి పొద్దున్నే అరగంట చేయండి. జనరల్ నాలెడ్జ్ లాంటివి రాత్రికి పెట్టుకోండి. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక నెట్ బాధ చాలా తగ్గింది కానీ, ఈ పాఠానికి నెట్ అక్కర్లేదు. బంబూఫ్లాట్ ఫెర్రీలో రోజూ వచ్చిపోయేవాళ్లు ఆ కాసేపట్లో మూడు నాలుగు సమాసాలు నోటితోనే కారణాంకాలుగా విడగొట్టవచ్చు. కారణాంకాలు వేళ్ల మీద ఉంటే మిగిలినదంతా గుర్తుల జాగ్రత్తే.

ఈ మూడూ కాగితం మీద చేసి చూడండి: క² ≥ 3క + 10, 4క − క² > 5, 3 ÷ (క + 2) < 1. మొదటిదానికి క ≤ −2 లేదా క ≥ 5. రెండోదానికి జవాబు లేదు. మూడోదానికి క < −2 లేదా క > 1. మూడోదానికి మీకు క > 1 ఒక్కటే వచ్చిందంటే హారాన్ని అటు దాటించారన్నమాట, పైన 6 ÷ (క − 1) లెక్క ఇంకోసారి చేయండి.